ఎన్నో మనిషిని

ఆ ప్రోబాక్స్ కారులో అయిదుగురే కూర్చోవాలట.
మేం తొమ్మిదిమందిమి,
డిక్కీలో రెండు కోళ్లు, నా ఖాకీ తాను ఒకటి.
నకూరు ఇంకా పన్నెండు కిలోమీటర్లు ఉందనగా
ఎదురుగా పాల లారీ.

కోళ్లు బతికాయి.
తాను మీద మరకలు చన్నీళ్లలో నానబెడితే పోయాయి.
నా కుడి మోకాలికి పద్నాలుగు కుట్లు వేశారు,
వంకర కుట్లు. నా దగ్గర పని నేర్చుకునే పిల్ల వేసుంటే
విప్పి మళ్లీ వెయ్యమనేదాన్ని.

బీమా కంపెనీ ఉత్తరం ఏడు నెలలకు వచ్చింది.
ఒకటే ప్రశ్న:
"కారులో మీరు ఎన్నో మనిషి?"
అయిదో మనిషి దాకా వాళ్ల పూచీట.
ఆరో మనిషి నుంచి దేవుడి పూచీ కాబోలు.
నాకేం తెలుసు?
కిసీ స్టాండులో ఎక్కేటప్పుడు మూడోదాన్ని.
కెరిచోలో ఒక ముసలాయన ఎక్కితే
పక్కావిడ ఒళ్లోకి జరిగి ఏడోదాన్నయ్యాను.
లారీ తగిలాక
అందరికంటే ముందు బయట పడ్డదాన్ని.
కిరాయి మాత్రం
ఒకటో మనిషికెంతో నాకూ అంతే.

వకీలు చెరుయోట్ ఆఫీసు మూడో అంతస్తు.
లిఫ్టు లేదు.
విరిగిన కాళ్ల కేసులు చూసే మనిషికి
ఆ గది ఎవరు అద్దెకిచ్చారో!
నాలుగు మెట్లకోసారి కూర్చుంటూ పైకి చేరితే
గుమాస్తా వాఫులా తల ఎత్తకుండా అంటాడు:
"కేషో, మామా. కేషో."
రేపు రమ్మని.

మొదటిసారి నవ్వొచ్చింది.
అది నా మాట.
ఇరవై రెండేళ్లుగా ఈ బల్ల మీద పెట్టి అమ్మిన మాట.
కాజాలు కుట్టాలి, రేపు రండి.
గుండీలు దొరకలేదు, రేపు రండి.
ఒక పెళ్లికొడుకు కోటుకి కూడా రేపే అన్నాను,
పెళ్లి ఆ రోజే అయినా.
కానీ నేను గుడ్డ దగ్గరుంచుకుని రేపన్నాను,
కాలు దగ్గరుంచుకుని కాదు.

కోర్టు ఇచ్చేదీ వాయిదానే,
మిషను అప్పుకి నేను కట్టేదీ వాయిదానే.
ఒకటి దాటిపోతే అడిగే దిక్కు లేదు,
ఇంకోటి దాటితే తెల్లారేలోపు తలుపు కొడతారు.
జడ్జికి బదిలీ, వాయిదా.
ఫైలు వానకి తడిసింది, వాయిదా.
"కెముంటో" అని పిలిచారొకసారి.
బెంచీ పట్టుకుని నేను లేచి నిలబడేలోపే
వాయిదా పడింది.
డ్రైవరు సాక్ష్యానికి రాలేదని ఇంకో రెండుసార్లు.
రాడు. ఆ పాల లారీ కిందే ఉండిపోయాడు.
అయినా పేరు పిలుస్తూనే ఉన్నారు.

ఈలోగా మిషను తొక్కాలి కదా.
ఎడమకాలు ఒక్కదానితో తొక్కితే దారం తెగుతోంది.
నాలుగేళ్ల మొరా ఒకరోజు బల్ల కిందికి దూరి
రెండు చేతులతో తొక్కుడు పలక నొక్కింది.
సూది నడిచింది.
పైనుంచి నేను "మెల్లగా" అంటే మెల్లగా,
"మూల తిరుగుతోంది" అంటే ఆగి,
కింద ఆ చీకట్లో తనలో తను ఏదో పాడుకుంటూ.
మా వీధి బడిపిల్లల చొక్కాలన్నీ
దాని అరచేతుల మీదే నడిచాయి.

నిన్న ఇంకో ఉత్తరం.
అడిగినదాంట్లో మూడో వంతు ఇస్తారట,
ఇక ఎప్పుడూ ఏమీ అడగనని సంతకం పెడితే.
వాఫులాయే ఫోను చేశాడు:
ఈ పూటే తేల్చాలట.
ఈసారి వాళ్ల దగ్గర రేపు లేదట!

చూస్తానన్నాను.
టేపు మెళ్లోనే ఉంది.
మొరాని పిలిచాను, ఈ ఏటి యూనిఫాం కొలవాలి.
భుజం పన్నెండు. పొడవు ఇరవై తొమ్మిది.
కిందటేడు వదిలిన అంచు మడత ఎప్పుడో అయిపోయింది.
కొలిచాక అలవాటుగా బల్ల కిందికి దూరబోయి,
తల తగిలి, వీపు తగిలి,
మోకాళ్లు పట్టక
సగం లోపల సగం బయట ఆగిపోయింది.
"అమ్మా, బల్ల చిన్నదైపోయింది" అంది.

ఉత్తరం ఇంకా కత్తెర కిందే ఉంది,
గాలికి ఎగిరిపోకుండా.